వ, ద దగ్గర ఆగిన అక్క మాట

మా అక్క బస్సు కండక్టర్. సిద్దిపేట నుంచి గజ్వేల్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సులో చాలా ఏళ్లు చేసింది. బస్సు ఎంత కిక్కిరిసినా మెట్ల దగ్గర నిలబడి, "ముంగటికి జరుగున్రి. మీ ఇంట్ల గూడ గిట్లనే దర్వాజల నిలవడ్తరా?" అంటే ముందున్న డ్రైవర్ కూడా నవ్వేవాడు. ఒకనాడు టికెట్ మిషను ఆమె చేతిలోంచి జారిపడింది. తర్వాత చిల్లర జారడం మొదలైంది. నీరసం అనుకుంది. ఆపైన మాట ముద్దగా రాసాగింది. తాగి డ్యూటీకి వచ్చిందని ఎవరో గుసగుసలాడారట. ఆ సంగతి బావకు చెప్పి తనే పకపకా నవ్వింది.

హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసి, కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అన్నారు. మందు లేదన్నారు. తెలివికి, చూపుకి, వినికిడికి ఏమీ కాదని కూడా అన్నారు. ఆ రోజు అది ఊరట కలిగించే మాటలా వినిపించింది. అది ఎంత బరువైన మాటో తర్వాత తెలిసింది.

కాళ్లు పోయాయి, చేతులు పోయాయి, గొంతు పోయింది. మిగిలింది కుడిచేతి బొటనవేలు, కళ్లు. ఇలాంటి రోగులకు మాట సాయం చేసే ఒక మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చి ఆమెకు ల్యాప్‌టాప్ అమర్చింది. తెర మీద అక్షరాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. ఒక పసుపు గీత వాటి మీదుగా నడుస్తూ పోతుంది. కావలసిన అక్షరం దగ్గరికి గీత రాగానే అక్క బొటనవేలి కింద పెట్టిన మీట నొక్కుతుంది. మాట పూర్తయ్యాక ల్యాప్‌టాప్ ఆ మాటను పైకి చదువుతుంది. మొదట్లో అందులో "నాకు దాహంగా ఉంది" లాంటి పుస్తకం వాక్యాలు సిద్ధంగా ఉండేవి. అక్క వాటిని ఒక్కొక్కటే తీసేసి తన మాటలు పెట్టుకుంది. "దూప అయితుంది." "పక్కకు మలుపు." "దోమ." "టీవీ బంద్ చెయ్, తల్కాయ నొస్తుంది." మిషను గొంతులో అవి వింతగా పలికేవి. అయినా మాకు అక్కే మాట్లాడినట్టు ఉండేది.

బావకు సిద్దిపేటలో ఇంటి ముందు గదిలోనే పిండి గిర్ని ఉంది. అది తిరుగుతుంటే అక్క ల్యాప్‌టాప్ గొంతు వినపడదు. అందుకని గంటకోసారి గిర్ని ఆపి లోపలికి వెళ్లి, "ఏమన్న అన్నవా?" అని అడిగేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆమెకు తినిపించడం, ఒళ్లు తుడవడం, తిప్పి పడుకోబెట్టడం అన్నీ ఆయనే. నేను ఆమె తమ్ముణ్ని. అదే ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సాయంత్రాలు వెళ్లి కూర్చునేవాణ్ని.

ఆ వానాకాలం ఆమెకు ఊపిరి బరువైంది. ముక్కుకు తగిలించే గాలి మిషను చాలా సేపు పెట్టాల్సి వచ్చేది. ఊళ్లో మాకు తెలిసిన డాక్టరు ఇంటికి వచ్చి చూసి, నన్నూ బావనూ బయటికి పిలిచాడు.

"ఇంకొక్కసారి ఛాతీల కఫం పట్టిందంటే ఈ మిషను సరిపోదు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలె. పెడితే బతుకుతది. కని మల్ల ఆ గొట్టం తీసుడు ఉండదు. మంచంల, మిషన్ మీద, అట్లనే ఉంటది. కావాల్నా వద్దా అనేది ఆమెనే అడుగున్రి. ఇప్పుడే అడుగున్రి. అప్పటికప్పుడంటే ఎవ్వరికీ తోచదు."

బావ ఆ సాయంత్రమే అడిగాడు. దాపరికం లేకుండా డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. పసుపు గీత చాలాసేపు నడిచింది. ల్యాప్‌టాప్ చివరికి, "ఆలోచన చేసి చెప్త" అంది.

మర్నాడు మధ్యాహ్నం, ఆమె ఏదో రాసుకుంటూ ఉండగా, తెర దానంతటదే నీలంగా మారిపోయింది. అప్‌డేట్ నడుస్తోంది, కంప్యూటర్‌ను ఆపవద్దు అని రాసి వచ్చింది. ఇప్పుడు వద్దు అని చెప్పడానికి మీట ఉన్నా ఆ తెర మీద ఆమె పసుపు గీత లేదు. బావ గిర్ని దగ్గర నుంచి ఒకసారి తొంగి చూసి, దాని పని అది చేసుకుంటోందిలే అనుకున్నాడు. సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్‌ను మేము గాలి మిషను ఒక్కదానికే పెట్టుకున్నాం. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తీగ తగిలించి ఉంటేనే నడుస్తుంది. అది టప్పున ఆరిపోయింది.

బావ కాలేజీకి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, డబ్బా లేస్తలేదు."

"కరెంటు వచ్చిందా?"

"వచ్చింది. చుక్కలు తిరుగుతయ్, తిరుగుతయ్, మల్ల ఆరిపోతది. మీ అక్క నన్నే చూస్తుంది. ఏం జెప్పాలె?"

నేను వెళ్లేసరికి అది అలాగే ఉంది. కంపెనీ గుర్తు వస్తుంది, దాని కింద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, మరమ్మతు చేస్తున్నానని ఒక వాక్యం వస్తుంది, చేయలేకపోయానని ఇంకొకటి వస్తుంది. మళ్లీ మొదటికి. తెర మీద కనిపించిన దారులన్నీ నొక్కి చూశాను. పాత స్థితికి తీసుకుపో అంటే పాత స్థితి ఏదీ దొరకలేదంది. అక్క తల పక్కకు వాల్చుకుని నా చేతులకేసి చూస్తూ ఉంది. కాలేజీలో ఇలాంటివి ఎన్నో చూశాను. అక్కడ నా వెనక అలాంటి కళ్లు ఉండవు.

హైదరాబాద్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పాత బస్టాండు వైపు సందులో రిపేరు షాపుకు తీసుకుపోయాను. అతను తెర తెరిచి చూసి, సందేహం లేకుండా, "ఫార్మాట్ కొట్టాలె సార్. సాయంత్రానికి కొత్తదాని లెక్క అయితది" అన్నాడు.

"ఇందులో ఉన్నవి?"

"సీ డ్రైవ్ల ఉన్నయి పోతయ్. ఏమున్నయ్ సార్, ఫోటోలా?"

ఏమున్నాయో చెప్పాలనిపించలేదు. చేతిలో పట్టుకుని తిరిగి వచ్చేశాను. ఆమె నెలల తరబడి కూర్చిన మాటలున్నాయి. ఆమె వేలు ఎంత నెమ్మదించిందో చూసి చూసి గీత వేగం సరిచేసిన లెక్క ఉంది. అవి పోతే ఆమె మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నేర్చుకునేంత బలం ఆ వేలిలో లేదు.

ఆ రాకపోకల మధ్యనే ఆమెకు జ్వరం వచ్చింది. ఛాతీలో గరగర మొదలైంది. డాక్టరు వచ్చి సూది వేసి, "రేపటిదాంక చూద్దాం. తగ్గకపోతే హైదరాబాద్ తీస్కపోవాలె. గొట్టం సంగతి ఏమన్నది?" అని అడిగాడు.

"ఆలోచన చేసి చెప్తనన్నది. చెప్పకముందే డబ్బా ఆగింది" అన్నాడు బావ.

అక్క అవును అనాలంటే కళ్లు పైకెత్తుతుంది. కాదు అనాలంటే మూస్తుంది. అది మా ఇంటి గుర్తు. బావ మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని, "గొట్టం పెట్టియ్యాల్నా?" అని అడిగాడు. ఆమె కళ్లు పైకి పోయాయి. ఆ వెంటనే దగ్గు తెర వచ్చింది. దగ్గు వస్తే కూడా ఆమె కళ్లు అలాగే పోతాయి. కాసేపాగి నేను అదే అడిగాను. కళ్లు మూసింది. మూసినవి చాలాసేపు తెరవలేదు. జ్వరంతో మూసిందో, కాదనడానికి మూసిందో తెలియలేదు.

మేడమ్ రాకముందు మేము వాడిన అట్ట ఒకటి బీరువా మీద ఉంది. దాని మీద నేనే స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాశాను. ఒకరు వరుసగా చదువుతూ పోవాలి, కావలసిన అక్షరం దగ్గర ఆమె కళ్లెత్తాలి. తెలుగులో అది ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. అక్షరం దొరికాక గుణింతం అడగాలి, గుణింతం అయ్యాక వత్తు ఉందా అని అడగాలి. ఒక్క మాటకు అరపూట పడుతుంది. అట్ట దుమ్ము తుడిచి ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాను. "అక్కా, గొట్టం గురించి నీ మనసుల ఏముందో చెప్పు" అన్నాను. చదువుతూ పోయాను. అచ్చులు దాటాను. క దాటింది, చ దాటింది. య ర ల వ దగ్గర కళ్లెత్తింది.

"వ?"

మళ్లీ ఎత్తింది.

గుణింతం అడిగితే కదలలేదు. ఉత్త వ. మళ్లీ మొదటి నుంచి. ద దగ్గర కళ్లెత్తింది. గుణింతం అడగబోతుండగా దగ్గు వచ్చింది. బావ ఆమెను పక్కకు తిప్పి కఫం తీశాడు. ఆ తర్వాత ఆమె కళ్లు అట్ట మీద నిలవలేదు. రెప్పలు వాలిపోయాయి.

వ. ద.

"వద్దు అంటుంది" అన్నాను నేను. అన్నాక ఆ మాట బయటికి అన్నందుకు భయం వేసింది.

బావ తల అడ్డంగా ఊపాడు. "వద్దు కాదు. వదలకు అంటుంది. నన్ను వదలకున్రి అంటుంది."

"బావా, అక్క ఎన్నడన్న వదలకు అన్నదా? మనం ఇడిసిపెట్టకు అంటం. ఆమె గూడ అదే అంటది."

"మరి వద్దు అని ఎన్నడన్నది? ఒద్దు అంటది. బస్సుల గూడ ఒద్దు ఒద్దు అనే అరుస్తుండె. ఒద్దు అనేటిదైతే ఒ కాడ కండ్లెత్తేటిది. నువ్వు అచ్చులు సదువుతున్నప్పుడు ఎందుకు ఎత్తలే?"

"రాసేటప్పుడు పుస్తకంల ఉన్నట్టు రాస్తది గద."

"గట్లయితే వదలకు గూడ పుస్తకం మాటనే!"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. "నీకేంది, నువ్వు సాయంత్రం ఒచ్చి కూసొని పోతవ్. రేపు ఆమె లేకుంటే నీ ఇల్లు నీకున్నది, నాకేమున్నది?" అన్నాడు. "నీకు ఉండాల్నని ఆమెను మిషన్ మీద పండవెడ్తవా?" అన్నాను. బయట గిర్ని దగ్గర పిండి కోసం వచ్చిన ఒకావిడ డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి తగ్గింది. అక్క కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. బావ వాటిని చూసి, "సూడు, వదలకు అంటుంది" అన్నాడు. నేను వాటినే చూసి, తన మాట ఆయన ఒప్పుకోనందుకు ఏడుస్తోంది అనుకున్నాను. ఒకే కన్నీళ్లను ఇద్దరం చెరోవైపు లాక్కున్నాం.

మర్నాడు పొద్దున మేడమ్ ఫోన్ ఎత్తింది. వేరే ఊళ్లో ఒక రోగి దగ్గర ఉందట. విషయం విని, "ఫార్మాట్ మాత్రం చేయించకండి. ఆవిడ మాటలన్నీ పోతాయి. ఇంకో ల్యాప్‌టాప్ తేవాలంటే నాకు వారం పడుతుంది" అంది. డాక్టరు ఏమన్నాడో చెప్పాను. అప్పుడు ఆమె అంది, "సరే, అయితే ఇవాళే లేపాలి. మీ దగ్గర మంచి కంప్యూటర్ ఉందా?"

కాలేజీకి పోయాను. ల్యాప్‌టాప్‌ను బయటి నుంచి లేపడానికి పనికొచ్చే పెన్ డ్రైవ్ తయారు చేయమంది. అది డౌన్‌లోడ్ అవుతున్నంతసేపూ ల్యాబ్‌లో పిల్లలు ఏదో అడుగుతూనే ఉన్నారు, నేను ఏదో చెబుతూనే ఉన్నాను. ఏమి చెప్పానో తెలియదు. వానలో తడుస్తూ అక్క ఇంటికి వచ్చాను. బావ గిర్ని మూసేసి ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. జ్వరం కొంచెం తగ్గింది, గరగర తగ్గలేదు. రాత్రంతా నిద్రలేని ముఖం. నిన్నటి మాటల గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మంచం పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి పెన్ డ్రైవ్ గుచ్చాను. దాన్ని పట్టించుకోకుండా మళ్లీ పాత చుక్కలే తిప్పింది. మేడమ్ ఫోన్‌లో ఉంది. ఆన్ చేయగానే ఒక మీట నొక్కి పట్టుకోమని చెప్పింది. లోపలి సెట్టింగులు వచ్చాయి. ముందు పెన్ డ్రైవ్‌ను చూడు, తర్వాతే నీ లోపలిది చూడు అని దానికి చెప్పడం అన్నమాట. ఈసారి వేరే తెర వచ్చింది. చివరి అప్‌డేట్‌ను తొలగించే చోటు దొరికింది. అక్కడ రెండు రకాలున్నాయి. మొదటిది నొక్కితే కుదరదు అంది.

"రెండోది నొక్కండి" అంది మేడమ్.

నొక్కాను. తొలగిస్తున్నాను, ఆగండి అని వచ్చింది. అదే మాట అలాగే ఉండిపోయింది. బావ లేచి ఇన్వర్టర్ తీగను గాలి మిషను నుంచి ఇటు మార్చాలా అన్నట్టు చూశాడు. కరెంటు పోతే ఆమె ఊపిరికి ఇవ్వాలా, మాటకు ఇవ్వాలా. "ఒద్దు బావా, దాన్ని ముట్టుకోకు" అన్నాను. బయట వాన పడుతోంది. అలాంటి వానల్లో ఆ వీధిలో కరెంటు నిలవదు. ఆ రోజు నిలిచింది.

తెర నల్లబడింది. గుర్తు వచ్చింది, చుక్కలు తిరిగాయి. నేను తల వంచుకున్నాను. తలెత్తేసరికి అక్క తెర వచ్చి ఉంది. అక్షరాల వరుసలు, పసుపు గీత.

బావ మీటను ఆమె బొటనవేలి కింద సర్దాడు. మూడునాలుగుసార్లు గీత దాటిపోయింది. వేలు అందుకోలేకపోయింది. గీత వేగం తగ్గించాను. చాలాసేపటికి మొదటి మాట వచ్చింది.

"దూప."

బావ చెంచాతో పెదాలు తడిపాడు. ఆ తర్వాత ఆమె రాయడం మొదలుపెట్టింది. మేము తెర వైపు చూడకుండా కూర్చున్నాం. ఎందుకో చూడాలనిపించలేదు. ల్యాప్‌టాప్ చదివింది.

"మీ ఇద్దరి లొల్లి ఇన్న. నా చెవులు మంచిగనే ఉన్నయ్."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. బావకు ఏదీ రాలేదు. ముందుకు వంగి మెల్లగా అడిగాడు. "నిన్న వ అన్నవ్, ద అన్నవ్. ఏమనబోయినవ్?"

పసుపు గీత నడిచింది.

"వద్దు."

ఆమె ఆపలేదు. ఆ వేలికి అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో.

"గొట్టం వద్దు. హైదరాబాద్ వద్దు. ఇంట్లనే ఉంట."

"నాకోసం ఉండవా?" అన్నాడు బావ. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఈసారి చాలా సేపు పట్టింది. మధ్యలో తప్పు పడితే చెరిపి మళ్లీ రాసింది.

"గిన్ని దినాలు నీకోసమే ఉన్న."

బావ లేచి ముందు గదిలోకి పోయాడు. గిర్ని మొదలైన చప్పుడు వినిపించింది. పట్టడానికి గింజలేమీ లేవు. వట్టి రాళ్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి. అలా తిప్పితే రాళ్లు పాడవుతాయని ఆయనే అందరికీ చెబుతాడు. నేను ఆపమనలేదు. అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేను అన్నదే నిజమైంది. నా మనసులో ఏ మూలా సంతోషం లేదు. వదలకు అని ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

ఆ జ్వరం తగ్గింది. అక్క దసరా దాకా ఉంది. డాక్టరుతో తన మాట తనే చెప్పింది. అతను రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పింది. నేను అప్‌డేట్లన్నీ రాకుండా కట్టేశాను. అయినా తెర కాస్త మినుకుమంటే ముగ్గురి కళ్లూ దాని మీదికే పోయేవి. ఆ రోజుల్లో ఆమె చాలా మాట్లాడింది. ఎక్కువగా మామూలు మాటలే. కూరలో ఉప్పు ఎక్కువైందని వాసనతోనే కనిపెట్టేది. తను ఆ కూర తినేదే కాదు, అయినా బావను తిట్టేది. ఒకరోజు, "నన్ను అందరు మంచిగ సూస్తుండ్రు. కోపం చెయ్యరు. గదే బాధ" అంది.

ఒక పొద్దున కాలేజీలో ఉండగా బావ ఫోన్ చేశాడు. "రా" అన్నాడు, అంతే. నేను వెళ్లేసరికి ఆయన ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గాలి మిషను నడుస్తూనే ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. ఆ ఫోన్ చేయకుండా ఉండటానికి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నానని తర్వాత ఎప్పుడో చెప్పాడు.

చూడటానికి చుట్టాలు వచ్చారు. ఊరు రిజర్వాయర్‌లో మునిగి గజ్వేల్ కాలనీకి మారిన మా చిన్నమ్మ కూడా వచ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, బావ వినేలాగే అంది.

"హైదరాబాద్ తీస్కపోతే బతికేది గద బిడ్డ. ఇంట్లనే సంపుకున్నరు."

"అక్కనే వద్దన్నది చిన్నమ్మా" అన్నాను.

"నోరు పడిపోయిన మనిషి ఎట్ల అన్నది రా?"

"ల్యాప్‌టాప్‌ల రాసి చెప్పింది."

"డబ్బా చెప్పిందా?" చిన్నమ్మ చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసింది. "డబ్బా ఏం చెప్తది. మీకు ఏం కావాల్నో గదే చెప్పి ఉంటది."

నాకు ఒళ్లు మండింది. లేవబోయాను. బావ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసి ఆమెకు అందించాడు.

"చాయ తాగు అత్తమ్మా, సల్లారుతుంది."

ఆ రోజు నుంచి నేను చిన్నమ్మతో మాట్లాడటం లేదు. బావ మాత్రం ఆమె పంపే జొన్నలు ఎప్పటిలాగే మెత్తగా పట్టి, సంచి మూతి కుట్టి, గజ్వేల్ బస్సులో వేసి పంపుతున్నాడు.